గట్టున్న ఉంగరం

మా క్రైస్తవుల ఇళ్లలో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటాం. ఆ మాట బయటివాళ్లకు అర్థం కాదని నాకు అబిడ్స్‌లో నగల దుకాణానికి వెళ్లేదాకా తెలియదు. "ప్రధానం ఉంగరం చూపించండి" అన్నాను. కౌంటర్ వెనక ఉన్నాయన నన్నూ, నాకు కాబోయే అత్తగారినీ, ఆమె కొడుకునీ మార్చి మార్చి చూసి, "ప్రధానం అంటే ఏంది మేడమ్, మెయిన్ ఉంగరమా? మిగతావి ఎన్ని తీస్కుంటరు?" అన్నాడు. ముగ్గురం నవ్వాం. పదకొండేళ్ల కిందటి ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం కలిసి చేసిన పని ఆ నవ్వొక్కటే. మిగతాదంతా వాళ్లిద్దరూ ఇంట్లో మాట్లాడుకునే వచ్చారు.

అప్పటికి నేను నాంపల్లిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. అతను ఆ దగ్గర్లోనే ఒక ఆఫీసులో క్లర్కు. చర్చిలో తెలిసినవాళ్లు తెచ్చిన సంబంధం. రెండుసార్లు మాట్లాడుకున్నాం, రెండుసార్లూ వాళ్లమ్మ పక్కనే కూర్చుంది. నా భయం ఒక్కటే, పెళ్లయ్యాక ఉద్యోగం మానమంటారేమోనని. అంతకుముందు చూడవచ్చినవాళ్లు నర్సు అనగానే మొహం ముడుచుకున్నారు. ఒకావిడైతే "రోగుల్ని ముట్టుకున్న చేతులతోని వంట జేస్తదా?" అని మా అమ్మని నా ముందే అడిగింది. వీళ్లు మాత్రం ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమంటే ఒప్పుకున్నట్టో, తర్వాత అందామని దాచుకున్నట్టో నాకు తేలలేదు. కాదనడానికి ప్రధానం దాకా గడువుందని మనసులో అనుకుంటూనే ఆ దుకాణం మెట్లెక్కాను.

రాయి వాళ్లదే. అత్తగారి వజ్రాల కమ్మల్లో ఒకటి ఎప్పుడో పోయిందట. మిగిలిన కమ్మలోంచి రాయి తీయించి నాకు ఉంగరం చేయిస్తామన్నారు. దాన్ని అప్పటికే దుకాణంలో ఇచ్చి ఉంచారు, నేను చూడలేదు. చూపించమని అడగడం మర్యాద కాదనుకున్నాను. నేను ఎంచుకోవాల్సిందల్లా దాన్ని ఎలా బిగించాలన్నదే. దుకాణంవాళ్లు ట్రేలో రెండు రకాలు పెట్టారు. ఒకదాంట్లో ఆరు సన్నటి బంగారు గోళ్లు రాయిని పైకెత్తి పట్టుకుంటాయి. అన్ని పక్కల నుంచీ వెలుతురు దూరి రాయి మెరుస్తుంది. రెండోదాంట్లో రాయి అంచు కనపడకుండా చుట్టూ బంగారంతో గట్టు కట్టేస్తారు, పై ముఖం మాత్రమే కనిపిస్తుంది. నాకు గోళ్లదే నచ్చింది. వేలికి పెట్టుకుని ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పుకున్నాను.

"గది వద్దు" అన్నాడతను. ఆ రోజు అతను నాతో నేరుగా అన్న మొదటి మాట అది. "నీకు డ్యూటీల గ్లౌజులుంటయ్ గదా. గోర్లు తట్టుకొని చిరుగుతయ్. గట్టున్నదే తీస్కో."

"ఔ బిడ్డా, పనిజేసే చెయ్యికి గట్టే మంచిగుంటది" అంది అత్తగారు.

నాకు అక్కడికక్కడే కళ్లు చెమ్మగిల్లాయి. సిగ్గుపడి ట్రే వైపు వంగాను. నా చేతులకు గ్లౌజులుంటాయని, పెళ్లయ్యాక కూడా ఉంటాయని, ఒక మగవాడు ఆలోచించి మరీ చెప్పాడు. వాళ్లమ్మ ఔనంది. ఇంకేం కావాలి నాకు? గోళ్ల ఉంగరం తీసి ట్రేలో పెట్టేసి, గట్టున్నదే చేయించండి అన్నాను. ఆ సాయంత్రం ఇంటికెళ్లి మా అమ్మతో ఈ సంబంధం ఖాయం చేసెయ్యమన్నాను. ప్రధానం రోజు పాస్టరు అయ్యగారు ఉంగరాన్ని బైబిలు మీద పెట్టి ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్లు మూసుకున్నారు, నేను మాత్రం తెరుచుకుని ఆ గట్టు వైపే చూస్తూ ఉన్నాను.

ఆ గ్లౌజుల కథ నేను చెప్పనివాళ్లు లేరు. కొత్తగా చేరిన నర్సులకు చెప్పాను, చర్చిలో స్త్రీల కూటంలో చెప్పాను. డ్యూటీలో ఉంగరాలు తీసెయ్యాలని రూలున్నా, పొడుచుకొచ్చే గోళ్లు లేని నా ఉంగరాన్ని మా సిస్టర్ ఇన్‌చార్జ్ చూసీచూడనట్టు వదిలేసేది. ఆమెకూ చెప్పాను. ఇంట్లో అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. మా నాన్న పోయినప్పుడు మా ఆయన ఆఫీసులో ఆడిట్ అని చెప్పి సమాధి దగ్గరికి అంతా అయిపోయాక వచ్చాడు. పాపకి జ్వరమొస్తే సెలవు పెట్టేది ఎప్పుడూ నేనే. ఒళ్లు మండిన ప్రతిసారీ ఆ ఉంగరం వైపు చూసి, మనిషికి మాట రాదు గానీ మనసులో ఉంది అని సర్దుకునేదాన్ని. ఆయన అన్న ఒక్క మాటతో పదకొండేళ్లు నెట్టుకొచ్చాను.

ఈ మధ్య గట్టు ఒకచోట అరిగి పైకి లేచింది. చీర దారాలు పట్టుకుంటోంది. అబిడ్స్ నుంచి సుల్తాన్ బజార్ వైపు వెళ్లే ఒక సందులో నగలు బాగుచేసే పాత అవుసలాయన ఉన్నాడంటే తీసుకెళ్లాను. గట్టు సరిచేయాలంటే రాయి తీయాలన్నాడు. తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చూసి, నాకూ అందించాడు.

"గీడ చూడు బిడ్డా. రాయి అంచు ఎగిరిపోయింది."

"అయ్యో, నేనే ఎక్కడన్న కొట్టుకున్ననా?"

"గట్టు లోపలున్న రాయికి నువ్వెట్ల తగిలిస్తవ్? గిది పాత దెబ్బ, కట్టకముందుదే. చూడు, ఆ సందుల లక్క నింపి కూసొబెట్టిన్రు. తెలిసే కట్టిన్రు. గిసొంటి రాళ్లకు గట్టే కడ్తరు. గోర్ల మీద పెడ్తే అందరికి కనవడ్తది గదా."

ఆయన నా మనసు నొప్పించాలని అనలేదు, తన పని గురించి చెప్పాడంతే. నాకు మాత్రం చెవుల్లో ఆ రోజు అబిడ్స్ దుకాణంలో తిరిగిన ఫ్యాను చప్పుడు వినపడింది. రాయికి దెబ్బ తగిలితే తగిలింది. దెబ్బతిన్న రాయి ఇస్తున్నామని చెప్పినా సంతోషంగా తీసుకునేదాన్ని. నేను రోజూ చూసేది దెబ్బ తగిలినవాళ్లనే. ముక్కలైపోతున్నది రాయి కాదు, ఆ గ్లౌజుల మాట. అప్పటికీ ఒక చిన్న ఆశ మిగుల్చుకున్నాను. దెబ్బ సంగతి అత్తగారికే తెలుసేమో, మా ఆయన నిజంగానే గ్లౌజుల కోసం అన్నాడేమో అని. గట్టు సంగతి తర్వాత చెప్తానని రాయిని, ఉంగరాన్ని కాగితంలో చుట్టించుకుని ఇంటికొచ్చాను.

ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. రాయి అరచేతిలో పెట్టి చూపించాను.

"దీనికి దెబ్బ ఉన్నదని మీకు ఎర్కనా?"

"ఔ. కమ్మ బండ మీద పడ్డదట అప్పట్ల. గట్టు కడ్తే కనవడదని దుకాణపాయన చెప్పిండు. నువ్వు గోర్లదే కావాలంటవేమో, జర సర్దిచెప్పు అన్నది అమ్మ. ఇప్పుడేంది దాని సంగతి?"

"మరి గ్లౌజులు?"

ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని నా మొహంలోకి చూశాడు. దాచడానికి కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

"ఏ గ్లౌజులు?"

ఆయన కాలరు తిప్పి రెండోవైపు ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు. అబద్ధమాడినందుకు క్షమించు అంటే రెండ్రోజులు ఏడ్చి ఊరుకునేదాన్నేమో. ఆడినవాడికి ఆ అబద్ధం సాయంత్రానికే అవసరం తీరిపోయింది. దాన్ని ఇన్నేళ్లూ భద్రంగా దాచుకున్నది నేను.

మర్నాడే అవుసలాయన దగ్గరికి వెళ్లి గోళ్లు పెట్టమన్నాను.

"పెడ్త. ఒక గోరును దెబ్బ మీదికి తెస్త, ఎవ్వలికి కనవడదు" అన్నాడు.

"వద్దు తాతా. కనవడేటట్టే పెట్టు."

"పిచ్చా బిడ్డా నీకు? ఎవ్వడు కట్టిండని నన్ను తిడ్తరు."

తిడితే నన్నే తిడతారని చెప్పాను. ఆ మాట అంత త్వరగా నిజమవుతుందని అనుకోలేదు.

ఆదివారం ఆ ఉంగరం పెట్టుకుని చర్చికి వెళ్లాను. అత్తగారికి చూపించాలని, చూపించి ఏమనాలో వాక్యాలు కూడా తయారు చేసుకున్నాను. ఆరాధన అయ్యాక బయట ఆవరణలో ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. వేలి దగ్గర ఆగింది.

"గిదేంది? రాయి పలగ్గొట్టినవా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఇటు తిరిగారు.

"మా అమ్మ ఇచ్చిన కమ్మల రాయి గిది. దవాఖానల ఆ మంచాలు, ఆ సిలిండర్లు గుంజుడు... మీదేసుకున్న వస్తువంటే జర ఫికర్ ఉండాలె గదా బిడ్డా" అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. నటించిందో, నిజంగానే మరిచిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఏడుస్తున్న ముసలావిణ్ణి పదిమందిలో అబద్ధాలకోరు అనడానికి నా పెంపకం ఒప్పుకోలేదు. పక్కనే నిలబడ్డ మా ఆయన వైపు చూశాను. "అది పాత దెబ్బే అమ్మా" అంటే చాలు. నేనడిగింది అంతే, అదీ కళ్లతోనే. ఆరాధన అయిపోయింది, పాడాల్సిన పాట ఒక్కటీ మిగల్లేదు. ఆయన చేతిలోని కీర్తనల పుస్తకం తెరిచి పేజీలు తిప్పాడు.

తిరిగొస్తుంటే పేవ్‌మెంటు నిండా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. ఆయన పాప కోసం ఒక లెక్కల గైడు బేరమాడుతూ, నా వైపు చూడకుండా, "నువ్వు గట్ల కట్టిచ్చుకునుడెందుకు? గట్టు ఉంటే ఈ లొల్లే లేకపోవు" అన్నాడు. ఆ గైడు దొరికినందుకు ఇంటిదాకా సంతోషంగానే నడిచాడు.

సోమవారం డ్యూటీలో ఒక పేషెంటుకి సెలైన్ పెడుతుంటే ఉంగరం గోరు తగిలి నా గ్లౌజు చిరిగింది. ఆ రోజు దుకాణంలో ఆయన చెప్పింది అక్షరాలా నిజమే మరి. ఇంటికొచ్చాక ఉంగరం తీసి బీరువాలో పడేశాను. వేలు ఖాళీగా ఉందేం సిస్టర్ అని వార్డులో ఎవరైనా అడిగితే, గ్లౌజులు చిరుగుతున్నాయని చెప్తాను. వెంటనే నమ్ముతారు. నేనూ అంతే వెంటనే నమ్మాను.