నేను తీయించిన సొట్ట

ముందే చెప్తున్నాను. నేను అబద్ధాలకోరును కాను గానీ, నా నోట్లో పడ్డ ఏ సంగతీ పడ్డ సైజులో బయటికి రాదు. వికారాబాద్‌లో ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. రెండు గుంటల రాళ్ల జాగను కూడా "చెట్టు చేమ, నిధి నిక్షేపాలతో సహా" అని రాసి రాసి బుద్ధి అట్లా తయారైంది. అనంతగిరి పొగమంచుకు బర్రెను కట్టేయొచ్చని హైదరాబాద్ చుట్టాలను నమ్మించిన మనిషిని. కాబట్టి కింద రాసేదాంట్లో కారు పొడవు, నా తెలివితేటలు రెంటినీ సగానికి కోసుకొని చదవండి. సొట్ట సంగతి మాత్రం కోయకండి.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. చచ్చినోళ్ల భూముల కోసం బతికినోళ్లు కొట్లాడుకోవడం రోజూ చూస్తాను. ఒక్క చచ్చినాయన కూడా అడ్డమొచ్చి "ఆగుండ్రి, అది నాది" అనలేదు.

నర్సింలు నాతో హాస్టల్‌లో చదివాడు. మర్పల్లి దిక్కు మేకలోళ్ల ఇంట్లో పుట్టి, మేకలు కాయనని వచ్చి వికారాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర బండ్ల సొట్టలు తీసే డెంటింగ్ పని నేర్చుకున్నాడు. రేకును కళ్లతో కాదు, చెవితో చూసేవాడు. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ, ఆగి వినడం. మళ్లీ రెండు చిన్న, ఒక పెద్ద.

ఉస్తాద్ నుంచి వచ్చిన అలవాటు ఇంకొకటి ఉండేది. ఎంత పెద్ద పని చేసినా రేకు లోపలి పక్క, ఎవరికీ కనబడని చోట, బొటనవేలు పట్టేంత సొట్ట ఒకటి విడిచిపెట్టేవాడు. "పని మొత్తం అయిపోతే పనోడు గూడ అయిపోతడు రా" అనేవాడు. నేను నవ్వేవాణ్ని.

కారు తాండూరు పటేల్‌ది. నాపరాళ్ల గనులున్న ఇల్లు. వాళ్ల నాయన ఎప్పుడో బొంబాయి నుంచి తెచ్చుకున్న ఎర్ర కారు, ఇటలీలో చేసింది. ఇద్దరే కూర్చోవాలి. ముక్కు ఎంత పొడుగంటే, అది తాండూరులో మలుపు తిరిగేసరికి తోక ఇంకా వికారాబాద్ గేటు దగ్గరే ఉండేదట. ఇంజన్ చెడిపోయాక బంట్వారం దగ్గర వాళ్ల పొలంలో, కొట్టం కింద పడేశారు. అక్కడ ఎవరో ఎడమ మడ్‌గార్డ్‌ను ఊడబీకి, తిరగేసి, మేకలకు నీళ్ల తొట్టి చేశారు. నర్సింలు దగ్గరికి వచ్చేసరికి అది జల్లెడ.

"మావోళ్ల మేకలే తిన్నయి కదరా. నేనే కొట్టియ్యాలె" అన్నాడు.

మూడేళ్లు కొట్టాడు. ఇంజన్ పని తాండూరులో ఒక మెకానిక్ చేస్తుంటే, ఒంటి రేకుల పని ఇక్కడ నర్సింలు చేశాడు. నడుమ గుండె జబ్బు బయటపడింది. సుత్తి ముట్టొద్దన్నాడు డాక్టరు. "గిది స్టార్ట్ అయిన చప్పుడు ఒక్కసారి వింట. ఆ తర్వాత సుత్తి బాయిల పడేస్త" అన్నాడు నర్సింలు. అతని కోరిక అదొక్కటే. ఎట్లయినా వినిపిస్తానని నేను మాట ఇచ్చాను.

పటేల్‌కు ఇంకో కోరిక ఉండేది. ఆ కారు చేసిన కంపెనీ తన పాత కార్ల చరిత్రంతా ఒక గదిలో దాచుకుంటుందట. ఫొటోలు పంపితే చూసి, ఇది మా బండే అని కాగితం ఇస్తుంది. బాగుచేసిన పనోడి పేరు కూడా దాంట్లో రాస్తారు. ఇంగ్లీషు ఉత్తరాలు రాసే పని నాది. ప్రతి రేకుకూ లోపలి పక్క ఫొటో కావాలన్నారు.

ఎడమ మడ్‌గార్డ్ కింద దూరి ఫొటో తీయబోతే ఆ సొట్ట కనబడింది.

"ఇటలీ వాళ్లకు సొట్ట చూపిస్తావురా? తియ్యి" అన్నాను.

"అది తీసేది కాదు."

"పని రానోళ్లమనుకుంటరు. నీ పేరు రాయాల్నా వద్దా?"

పటేల్ అక్కడే ఉన్నాడు. "నర్సింలూ, గింత చేసినవ్, జర సాఫ్ చెయ్యరాదు" అన్నాడు.

నర్సింలు పటేల్ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. "నువ్వు చదువుకున్నోనివి. నువ్వు చెప్తే తీస్త" అన్నాడు.

తియ్యమన్నాను.

రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. ఈసారి ఆగి వినలేదు. నా బొటనవేలుతో రుద్ది చూశాను, అద్దం లెక్క ఉంది. మీద రెండు పూతలు నల్ల రంగు వేశాడు. ఆరాక ఫొటో తీశాను. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

కారు లారీ ఎక్కి తాండూరు పోయింది. తొమ్మిదో రోజు నర్సింలును వికారాబాద్‌లోనే ఆసుపత్రిలో చేర్చారు. "పొద్దున లేస్తే ఒక్కటే మాట, బండి స్టార్టయిందా అని" అంది వాళ్లావిడ అంజమ్మ. నేను తాండూరు ఉరికాను. మధ్యాహ్నం ఇంజన్ పలికింది. కోట్‌పల్లి చెరువులో చేపలు కూడా ఉలిక్కిపడ్డాయి. ఫోన్ చేసి ఇంజన్ దగ్గర పెట్టాను. అంజమ్మ అతని చెవి దగ్గర పెట్టింది. కొంచెం సేపు విని, "దగ్గుతుంది రా, నా లెక్కనే" అని నవ్వాడు. ఆ సాయంత్రమే పోయాడు.

తర్వాత వారానికి ఇటలీ నుంచి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. కారు మాదే, ఎడమ మడ్‌గార్డ్ మాత్రం మాది కాదు అన్నారు. కంపెనీ పెట్టినాయన తండ్రి రాగి పాత్రలు కొట్టేవాడట. ఆ ఇంటి ఆనవాయితీగా వాళ్ల పనోళ్లు ప్రతి రేకు లోపలి పక్కా ఒక సుత్తి దెబ్బ సాపు చేయకుండా విడిచేవారట. మిగతా రేకుల మీద మా తారు పూత ఉంది, గీకితే ఆ దెబ్బ కనబడుతుంది. ఎడమ మడ్‌గార్డ్ పూర్తిగా నునుపుగా ఉంది, అందుకే మాది కాదని తెలిసింది, అని రాశారు.

ఆ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పను. చెప్తే పెంచానంటారు.

తాండూరు పోయాను. మెకానిక్‌తో కుడి మడ్‌గార్డ్ కింద తారు గీకించాను. ఆ తారును నర్సింలు ఏనాడూ ముట్టలేదు. దాని కింద బొటనవేలు పట్టేంత సొట్ట ఉంది. సరిగ్గా నర్సింలు విడిచే చోటే.

లేచి ఎడమ పక్కకు పోయాను. ఎందుకు పోయానో తెలియదు. కింద చెయ్యి పెట్టాను. నా బొటనవేలు లోపలికి దిగింది.

మెకానిక్ లైటు పట్టాడు. ఇద్దరం చూశాం. సొట్ట ఉంది. దాని మీద నల్ల రంగు ఎక్కడా పగల్లేదు, పెచ్చు లేవలేదు. రంగు వేశాక కొట్టిన దెబ్బయితే పగలాలి. ఫోన్ తీసి పాత ఫొటో పక్కన పెట్టి చూశాం. అదే నట్టు, అదే అంచు, ఫొటోలో నునుపు.

"లారీ గుంతలల్ల పడ్డప్పుడు వచ్చుంటది సార్" అన్నాడు మెకానిక్. మళ్లీ తనే, "గట్లయితే పెయింట్ పోవాలె గద" అన్నాడు. ఆ తర్వాత నన్ను లైటు పట్టుకోమని, చేతులు కడుక్కొని వచ్చాడు.

కొట్టిన రేకు ఒక్కోసారి పాత చోటికి తిరిగిపోతుందని ఒక ఇంజనీరు చెప్పాడు. సరిగ్గా అదే చోట, అంతే లోతుకు పోతుందా అంటే ఆయన టీ తాగాడు. కొత్త ఫొటో పంపితే కాగితం వస్తుందేమో, నర్సింలు పేరు వాళ్ల గదిలోకి ఎక్కుతుందేమో. కానీ ఏమని రాయాలి? ముప్పై ఏళ్లు ఊళ్ల భూములన్నీ రాసినవాడికి ఆ ఒక్క వాక్యం రావడం లేదు. ఆ రోజు అతను ఆగి విన్నా, నేను ఆగి విన్నా, ఇవాళ ఉత్తరం ఇంకోలా ఉండేది. మనిషి ఉండేవాడో లేదో నాకు తెలియదు. తెలియకపోవడమే తినేస్తోంది.

ఇక నేను కల్పించిందేదో ఒప్పుకోవాలి. కారు పొడవు, కోట్‌పల్లి చేపలు మీరెట్లాగూ నమ్మి ఉండరు. సొట్ట నిజం. నేను కల్పించింది ఆసుపత్రికి చేసిన ఆ ఫోన్.

ఇంజన్ మొదటిసారి పలికింది, తాండూరులో సొట్ట మళ్లీ కనబడ్డ ఆ రోజే. అప్పటికి నర్సింలు పోయి పన్నెండు రోజులు. చప్పుడు మొదలుకాగానే, మాట ఇచ్చినవాణ్ని కదా, చెయ్యి దానంతటదే అతని నంబరు నొక్కింది. అంజమ్మ ఎత్తింది. చాలాసేపు ఇంజన్ విన్నది.

"ఎవరికి వినిపియ్యాలె అన్నా?" అంది.