మునిమాపు వేళ ఉప్పు కుప్పలు

నౌపడ స్టేషన్లో మధ్యాహ్నం రెండింటికి దిగాం. ఆరుగురం. వీపున కిట్ బ్యాగు, భుజాన రైఫిలు, నడుముకి నీళ్ల సీసా. స్టేషను దాటగానే ఉప్పుమడులు. ఆ తెల్లటి ఎండలో కళ్లు చిట్లించుకుంటూ రెండు గంటలు గట్టు మీదే నడిచాం. సముద్రపొడ్డున ఇసుక దిబ్బ, దాని మీద తాటి దుంగలతో కట్టిన బంకరు. అదే మా పోస్టు. వైజాగు మీద బాంబులు పడిన ఏడాది అది. జపాను వాడు పడవల్లో వచ్చి ఇక్కడెక్కడో దిగుతాడని పైవాళ్ల భయం.

మా అయిదుగురి మీదా పెద్ద నాయక్. ఆయనది సాలూరు వైపు. పట్టాళంలో చేరకముందు కొండదారుల్లో ఎడ్లబండి తోలేవాడు. బ్రెన్ అనే మరతుపాకి పట్టే గన్నర్ నెల్లిమర్ల జూటు మిల్లు వదిలి వచ్చినవాడు. నాకు చుట్టమేమీ కాదు, అయినా మొదటి రోజు నుంచే బావ. టెలిఫోను దగ్గర సిగ్నలు వాడు. నేను దుర్భిణి పట్టేవాణ్ణి. నావి మంచి కళ్లని ఊళ్లో పేరు. ఆ పేరే నన్ను ఆ పనిలో పెట్టించింది. దాని మీద నాకు పొగరు కూడా ఉండేది, దాచడమెందుకు.

నా డ్యూటీ సాయంత్రం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా. వేటకెళ్లిన తెప్పలు తిరిగొచ్చే వేళ అది. ఒడ్డున గానీ నీళ్ల మీద గానీ దీపం వెలిగించకూడదని ఆర్డరు. అందుకని తెప్పల వాళ్లతో ఒక గుర్తు పెట్టుకున్నాం. ఒడ్డు కనబడగానే తెడ్డుకి తెల్లగుడ్డ కట్టి మూడుసార్లు ఎత్తాలి. ఎత్తితే మనవాళ్లు. ఎత్తకపోతే టెలిఫోనులో ఆఫీసరుకి చెప్పి కాల్చాలి.

గుడ్డ ఎత్తేవాడు తెప్పల పెద్ద. అందరం మావా అనేవాళ్లం. రోజూ పొద్దున్నే చేపలు తెచ్చి బంకరు ముందు పడేసి, "తినండ్రా, ఆ డబ్బాల్లో కూడు తిని సచ్చిపోతారు" అని తిట్టి పోయేవాడు.

నాయక్‌కి ఒక పద్ధతి ఉండేది. దిబ్బకి ఉత్తరంగా ఉప్పు కుప్పలు వరసగా మైలు దాకా ఉండేవి. పగలు వాటిని తను లెక్కపెట్టుకునేవాడు. పొద్దు గూకాక పావుగంటకి వచ్చి నన్ను అడిగేవాడు.

"ఎన్ని రా?"

"తొమ్మిది."

"పదో దాన్ని తిన్నగా సూడకు. పక్కకి సూడు, అదే కనబడతాది."

నిజమే. తేరిపార చూస్తే మాయమైపోయేది. కొంచెం పక్కకి చూస్తే మసగ్గా నిలబడేది. మునిమాపు చూపు అలా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన కోపంగా చెప్పే మాట ఇంకొకటుంది. "మా సాలూరు దార్లో తాగి బండి తోలినోళ్లని సూసినాను. పగలైతే బాగానే తోల్తారు. మునిమాపయితే దారి అంచు కనబడదు. కనబడనేదని ఆళ్లకే తెలీదు. అదీ ముప్పు." నేను నవ్వేవాణ్ణి. నా కళ్లు వేరు అనుకునేవాణ్ణి.

ముంజెల కాలం వచ్చింది. ఒకరోజు గన్నర్‌కి కార్డు వచ్చింది. కొడుకు పుట్టాడు. మనిషి నేల మీద నిలవలేదు. తాటితోపులోంచి కుండ కల్లు తెప్పించాడు. మూడు గంటల వేళ. నాయక్ ఉప్పుమడుల వైపు వెళ్లాడు.

"నా కొడుకు పేరు సెప్పి తాగు బావా."

రెండు చెంబులు తాగాను. అయిదున్నరకి దిబ్బ ఎక్కాను. కాలు తడబడలేదు. మాట తేలిపోలేదు. దుర్భిణి అద్దాలు తుడుచుకున్నాను. నాకేమీ కాలేదని ప్రమాణం చేసి చెప్పగలిగేవాణ్ణి.

ఆరూ ముప్ఫై అయిదు. తూర్పున ఆకాశం, నీళ్లు ఒకే రంగులో కలిసిపోతున్నాయి. అలల మీద నల్లగా నాలుగు మరకలు. ఒడ్డు వైపే వస్తున్నాయి. గుడ్డ కోసం చూశాను. లేదు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. లేదు.

"పడవలు నాలుగు. గుర్తు నేదు," అని అరిచాను.

సిగ్నలు వాడు టెలిఫోను తిప్పాడు. గన్నర్ బ్రెన్ వెనక బోర్లా పడుకుని గుళ్ల డబ్బా బిగించాడు.

"ఆఫీసరు అడగతన్నాడు. గుర్తు ఉన్నాదా, నేదా?"

"నేదు!"

"నేకపోతే కాల్చమన్నాడు."

నాయక్ దిబ్బ ఎక్కి వచ్చాడు. సముద్రం వైపు చూడలేదు. నా మొహంలోకి చూశాడు.

"కుప్పలెన్ని రా?"

ఉత్తరానికి తిరిగాను. లెక్కపెట్టాను. మళ్లీ పెట్టాను.

"అయిదు."

నా చేతిలోంచి దుర్భిణి లాక్కున్నాడు. కాసేపు చూశాడు.

"గుడ్డ ఉన్నాది. ఎత్తతన్నాడు. ఒరే, గన్ను దించు! మనోళ్లేనని సెప్పు ఆఫీసరుకి."

తెప్పలు ఒడ్డుకి తగిలాయి. మొదటి తెప్ప మీంచి దిగింది మావ. తడిగుడ్డ పిండుకుంటూ మా వైపు చెయ్యి ఊపాడు. గన్నర్ ఇసుకలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నేను ఏడవలేదు. ఏడ్చే అర్హత కూడా లేదనిపించింది. నాయక్ నన్ను కొట్టలేదు. వారం రోజులు నీళ్ల కావిడి మోయించాడు. తర్వాత దుర్భిణి తిరిగిచ్చాడు.

నేను మళ్లీ దిబ్బ ఎక్కేసరికి గుడ్డ రెండింతలైంది. గాలికి నిలవాలని కాబోలు అనుకున్నాను. మావని అడగలేదు. ఆయన కళ్లలోకి చూడాలంటేనే భయం.

ఏడాది తిరిగాక పోస్టు ఎత్తేశారు. సాయంత్రం బండి. సాగనంపడానికి స్టేషనుకి మావ వచ్చాడు, చేతిలో ఎండుచేపల మూట, భుజాన గుడ్డ కట్టిన తెడ్డుతో. ఇక ఆగలేకపోయాను.

"మావా, ఆ రోజు నాకు నీ గుడ్డ కనబడనేదు. తాగున్నాను."

"తెలుసురా. మర్నాడే మీ నాయకు సెప్పినాడు. అందుకే మీ అత్త సీర సింపి గుడ్డకి అతుకేసినాది. కుర్రోడు, మల్లీ ఎప్పుడేనా తాగీగలడు, కంటికి ఆనాల కదా అని."

యుద్ధం రోజులు. బట్ట దొరకని రోజులు. అత్తకి ఉన్నవి రెండు చీరలు.

బండెక్కాక గన్నర్ సారా సీసా అందించాడు. వద్దన్నాను.

ఇంటికొచ్చాను, పొలం చేసుకున్నాను, ముసలివాణ్ణయ్యాను. యుద్ధంలో ఏం చూశావని మీరంతా అడుగుతుంటారు. నేను శత్రువుని చూడనేలేదు. నేను చూసింది ఇదీ. బండి కదిలింది. పొద్దు గూకి పావుగంటయింది. ఉప్పుమడుల గట్టు మీద నిలబడి మావ తెడ్డు ఎత్తాడు. ఒకటి. రెండు. మనిషి మసకలో కలిసిపోయాడు. నేను కొంచెం పక్కకి చూశాను. మూడోసారి ఎత్తినప్పుడు గుడ్డ మధ్యన అత్త వేసిన అతుకు కూడా కనబడింది.