గుర్రం మీది మల్లన్న, డబ్బా వెనక రాత

ఆ రోజు పొద్దున ఆద్య పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేదు. బుగ్గన అట్లాగే ఉంచుకుని నా వైపు చూసింది. నా బిడ్డ కూతురు, నాలుగేళ్ల పిల్ల. ముద్ద ఉమ్మేసి, పొట్ట పట్టుకుని నేల మీద ముడుచుకుంది. ఏడవలేదు. ఊరికే ఏడ్చే పిల్ల నొప్పి వచ్చి ఏడవకపోతే భయం వేస్తుంది.

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, అంతే. నేను చెబుతుంటే నా బిడ్డ సౌజన్య రాస్తోంది. మా ఆయన ఉన్నన్నాళ్లు ఏ డబ్బా మీద ఏముందో, ఏ గోలీ ఎప్పుడు వేసుకోవాలో ఆయనే చదివి చెప్పేవాడు. ఆయన పోయిన ఏడాదికి, ఒక్కదానివి ఏముంటావు రమ్మని బిడ్డ అంటే మూడు నెలలకని జర్మనీ వచ్చాను. వచ్చిన కొన్నాళ్లకే కరోనా అని విమానాలు ఆగిపోయాయి. కిటా, అంటే పిల్లల బడి, మూసేశారు. అల్లుడు కిరణ్ ఆఫీసు ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్లో. అతనూ ఇంట్లోనే పని, నా బిడ్డా ఇంట్లోనే పని. పొద్దున లేస్తే ఇద్దరూ చెవులకు మైకులు పెట్టుకుని చెరో గదిలో. పిల్లా నేనూ ఒక గదిలో.

కిరణ్‌కు ఆ రోజుల్లోనే ఒక సరదా పట్టుకుంది. వేలెడంత లోహపు బొమ్మలు, సైనికులు, గుర్రాలు పార్సిల్‌లో తెప్పించుకుని సన్న కుంచెతో రంగులు వేసేవాడు. ఒకసారి గుర్రం మీద కత్తి పట్టుకున్న మనుషులు ఇద్దరు వచ్చారు. ఇంకా రంగు పడలేదు, వెండిలాగా ఉన్నారు. చూడగానే నా చేతులు వాటంతటవే జోడయ్యాయి. మా ఇలవేల్పు మల్లన్న గుర్రమెక్కే దేవుడు. మూడు నెలలే కదా అని నా దేవుళ్లను తాళమేసిన ఇంట్లో వదిలి వచ్చాను.

"అచ్చం మా మల్లన్న తీరుగున్నడు బిడ్డా" అన్నాను.

కిరణ్ నవ్వాడు. "అయితే ఒకటి మీరే పెట్టుకోండి అత్తమ్మా. నాకు ఇంకోటి ఉంది కదా."

నా గదిలో కిటికీ గట్టు మీద పెట్టుకున్నాను. దేవుడిని ఊరికే పెట్టుకుంటామా? రోజూ పొద్దున చింతపండుతో తోమాను, ఇంట్లో ఇత్తడి దేవుళ్లను తోమినట్టే. పెరుగు, తేనె, నిమ్మరసం కలిపి స్నానం పోశాను. ఆ గిన్నెలోనే ఉంచి, పొద్దునా సాయంత్రం అందులోంచే తీర్థం తీసుకున్నాను. వేళ్లకు నల్లగా అంటేది. వెండి కూడా నల్లబడుతుంది కదా అనుకున్నాను. తీర్థం తియ్యగా, పుల్లగా ఉండేది. ఆద్య అరచెయ్యి చాపి, తాగి, మళ్లీ చాపేది. ఆ పిల్ల నాతో సగం మాటలు జర్మన్‌లోనే అంటుంది. "నోఖ్‌మాల్, అమ్మమ్మా." మళ్లీ పొయ్యి అని. పోసేదాన్ని.

పొట్టనొప్పి మొదలవగానే అందరికీ కరోనా భయమే. టెస్ట్ నెగటివ్ వచ్చింది. పిల్లల డాక్టర్ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడానికే చాలా రోజులు పట్టింది. ఆమె కళ్ల కింది రెప్ప లాగి చూసి, రక్తం తక్కువ ఉంది, హిమోగ్లోబిన్ పడిపోయింది అని ఐరన్ మందు రాసింది. తగ్గలేదు. పిల్ల దొడ్డికి పోక అల్లాడేది. ఆడుకునేది కాదు, పిలిస్తే ఆలస్యంగా తిరిగి చూసేది. రెండోసారి బ్లడ్ టెస్ట్‌లో బయటపడింది. లెడ్ లెవెల్ ఎక్కువ ఉంది అన్నారు. లెడ్ ఏంటి అని అడిగాను. సీసం అమ్మా అంది నా బిడ్డ. సీసం నాకు తెలుసు. చేపల వల అంచుకు కట్టే గుండ్లు. అది పసిపిల్ల ఒంట్లోకి ఎట్లా పోతుంది?

డాక్టర్ ఇంట్లో వాడేవన్నీ అడిగింది. పాత పైపులా, కాటుకా, ఆయుర్వేదం గోలీలా, పసుపా? కిరణ్ ముందు తన రంగులు, బొమ్మలు అన్నీ పెట్టెలో సర్ది కింద కెల్లర్‌లో, అంటే నేలమాళిగ గదిలో, పెట్టి తాళం వేశాడు. నా కిటికీ గట్టు మీది అప్పటికే దేవుడు, అది ఆ బొమ్మల్లోదని ఎవరికీ తోచలేదు. నా కాటుక పారేశారు. నేను తెచ్చుకున్న మల్లన్న బండారి, అంటే దేవుడి పసుపు, టెస్ట్‌కు పంపారు. నాకు అది చాలా బాధైంది. కొన్నాళ్లకు అందులో ఏమీ లేదని తేలింది. అప్పుడు నేను గట్టిగానే అన్నాను, దేవుడిది చెడ్డదెట్లయితది అని. ఆ మాట నా నోట్లోంచి రాకపోయినా బాగుండేది.

పిల్లను ఆస్పత్రిలో చేర్చారు. కీలేషన్ అని, ఒంట్లోని సీసాన్ని మూత్రంలో బయటికి లాగే మందు ఇచ్చారు. కరోనా వల్ల ఒక్కరినే లోపలికి రానిచ్చేవాళ్లు. సౌజన్య వెళ్లింది. నేను ఇంట్లో కూర్చుని ఫోన్‌లో పిల్ల ముఖం చూశాను. ఇంకేం చేయగలను? భాష రాదు, దారి తెలియదు, చదవలేను. నా చేతనయ్యేది ఒక్కటే. మొక్కుకున్నాను. మల్లన్నకు ఇంకో పూట కూడా స్నానం పోశాను.

లెవెల్ తగ్గింది. పిల్ల ఇంటికొచ్చింది. వచ్చిన పూటే నా చేతులతో తీర్థం పోశాను.

మళ్లీ పెరిగింది. ఆ రోజు డాక్టర్ ఫోన్‌లో ఇంగ్లీషులో అన్నది నా బిడ్డ తెలుగులో చెప్పింది. "మందు బయటికి తీస్తున్నది. మీ ఇంట్లోంచి ఏదో ఇంకా లోపలికి పోతున్నది."

కిరణ్ కెల్లర్‌లోకి పోయి పెట్టె మళ్లీ తెచ్చి ఒక్కో డబ్బా తిప్పి చూశాడు. ఇద్దరు గుర్రపువాళ్ల డబ్బా చేతిలో పట్టుకుని నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. డబ్బా ముందు గుర్రం బొమ్మ అరచేతంత ఉంది. వెనక రాత ఆవగింజంత ఉంది.

"అత్తమ్మా, ఈ డబ్బాల రెండోది మీ దగ్గరనే ఉంది కదా?"

గిన్నె చూపించాను. మల్లన్న తీర్థంలో నిలబడి ఉన్నాడు. తోమీ తోమీ గుర్రం మూతి అరిగిపోయింది.

"ఆ నీళ్లు ఏం చేస్తున్నరు?"

గిన్నె చూసి ఆద్య లేచి వచ్చింది. మా ఇద్దరి మధ్య నిలబడి అరచెయ్యి చాపింది. "నోఖ్‌మాల్."

సౌజన్య ఇక్కడ రాయడం ఆపింది. రాయి బిడ్డా, అన్నాను.

కిరణ్ నేల మీద కూర్చుని వెనక రాత చదివి చెప్పాడు. ఇది ఆట బొమ్మ కాదు. పిల్లలకు ఇవ్వొద్దు. సీసం ఉంది. నోట్లో పెట్టుకోవద్దు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. "నేను కొన్ననాడే చదివిన అత్తమ్మా. చేతులు కడుక్కుంటే చాలనుకున్న. మీకు చదివి చెప్పాలని తోచలే." అతను ఏడుస్తుంటే నేను ఓదార్చలేకపోయాను. నా బిడ్డ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది.

నాకూ టెస్ట్ చేశారు, నాకూ ఉంది. నా చేతులు తిమ్మిరెక్కడం, పొట్ట మెలిపెట్టడం వయసు వల్ల అనుకుని ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ముందే దొరికేదేమో.

ఇప్పుడు ఆద్య బడికి పోతోంది. లెవెల్ బాగా తగ్గింది. రక్తం పట్టింది. కానీ లెక్కలు చెయ్యమంటే తొందరగా విసుక్కుంటుంది, మధ్యలో లేచిపోతుంది. అది సీసం వల్లనా, పిల్ల తీరే అంతనా అని డాక్టర్‌ను అడిగితే "చెప్పలేం, చూస్తూ ఉండాలి" అంటుంది. చూస్తూ ఉన్నాం. విమానాలు మొదలయ్యాక ఊరికి పోయాను, మళ్లీ ఇక్కడికి వచ్చినప్పుడల్లా నేను చేసే పని అదే. నా గదిలో దేవుడు ఇప్పుడు కాగితం పటంలో ఉన్నాడు. వట్టి నల్లా నీళ్లు పెట్టినా ఆద్య ఇటు రాదు, మేమూ పిలవం.

నాలాగా చదువు రానివాళ్లకు ఒక్క మాట. ఇంట్లోకి వచ్చిన ఏ వస్తువైనా డబ్బా పారేయకముందు, సన్న రాత ఉన్న వైపు ఎవరితోనైనా పైకి చదివించుకోండి. సిగ్గుపడకండి. డాక్టర్ ఇంట్లో ఏమేం వాడతారని అడిగితే వంటగది దగ్గర ఆగకండి. దేవుడి గూడు కూడా ఇంట్లోనే ఉంది, దాన్నీ చెప్పండి. నేను చెప్పలేదు.