బాన అడుగున వేడి

మా అమ్మ రాగి కల్లు కుండలో చేసేది. నేను కాపురానికి వెళ్ళిన ఇంట్లో బానలో చేసేవాళ్ళు. ఆ తేడా వల్ల నా కాపురం కూలిపోయినంత పనైంది. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వుకోనీ, వాళ్ళ చేతులు కాలలేదు కదా.

మాది చాకవేలు. అమ్మ రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి తిరగలిలో విసిరేది. పొద్దున్నే మామూలు రాగిపిండితో జావ కాచి కుండలో పోసి, కాస్త ఆవిరి తగ్గాక ఆ మొలకపిండి కలిపేది. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక వేలు ముంచి చూసేది. గోరువెచ్చగా ఉంటే పాత కల్లు మడ్డి వేసి, మూతికి గుడ్డ కట్టి, మూల పెట్టేది. ఇక కుండ దానంతటది గుసగుసలాడుకునేది. వడగడితే పుల్లపుల్లగా, నాలుక చివర కొంచెం తియ్యగా ఉండేది ఆ కల్లు. అందులో ప్రాణమంతా మడ్డిదే. అది లేకపోతే జావ ఉత్తినే కుళ్ళిపోతుంది. అందుకే మా ఇళ్ళలో ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు ఎండిన మడ్డిని గుడ్డలో ముడివేసి కొంగున కట్టి పంపేవాళ్ళు. నా కొంగునా కట్టింది అమ్మ. కుండ మాత్రం కట్టి పంపలేదు.

మిట్టేమరిలో అత్తగారిది పెద్ద సేద్యం. తొలివాన పడగానే ముయ్యి ఉండేది. అంటే కాడెద్దులున్నవాళ్ళంతా కలిసి ఒకరి పొలం తర్వాత ఒకరిది దున్నుకోవడం. కూలి ఇవ్వక్కర్లేదు గానీ దున్నినవాళ్ళకు కడుపునిండా సంగటీ కల్లూ పెట్టాలి. కల్లు ఎట్లా ఉంటే ఆ ఇంటి ఆడదాని చెయ్యి అట్లాంటిదని లెక్క. కల్లు చెడగొట్టిన చేతిని ఆ యేడు విత్తనం ముట్టనివ్వరు. విత్తనం ముట్టని కోడలు ఇంట్లో ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే.

మా అత్త పొట్టి మనిషి. ఎడమ చేతికి ఒక తేలు బొమ్మ, కుడి చేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా సందు లేకుండా పచ్చబొట్టు. ఆ చెయ్యి చూపించి పిలిస్తే ఎద్దులు కూడా నిలబడేవి. నన్ను చూడగానే ఆమెకు గిట్టలేదు. తన అన్న కూతుర్ని కోడలిగా తెచ్చుకోవాలనుకుంటే మా మామ మా నాన్నకిచ్చిన మాటకు కట్టుబడి నన్ను తెచ్చాడు. చచ్చిన మామ మీద కోపం తీర్చుకోవడానికి నేను దొరికాను. అత్త మీది కోపం దుత్త మీద అంటారు. మా ఇంట్లో కోపం ఆమెది, దుత్తను నేను.

మొదటి ముయ్యికే బాన నాకు అప్పజెప్పింది.

“మీ అమ్మది మంచి చెయ్యంట గదా. చెయ్యి, చూస్తాము.”

బాన నా నడుము దాకా ఉంది. నాకు తెలిసిన లెక్క ఒకటే. ఒక కుండకు ఇంత పిండీ ఇంత మడ్డీ అయితే, బానకు ఎన్ని కుండలు పడితే అన్నింతలు. అట్లాగే కాచాను, అట్లాగే పోశాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వేలు ముంచితే గోరువెచ్చగా ఉంది. మా అత్త వసారాలో రోటి పక్కన కూర్చుని ఆకూవక్కా నములుతోంది.

“అత్తా, చల్లారింది. మడ్డి వేసేదా?”

“నన్నేల అడిగేది? నువ్వే చూసుకో.”

వేసేశాను. మర్నాడు బాన అడుగు ముట్టుకుంటే ఎందుకో ఇంకా నులివెచ్చగా ఉంది, పట్టించుకోలేదు. రోజులు గడిచినా బాన ఉలకలేదు, పలకలేదు. గుడ్డ విప్పితే కుడితి వాసన. అయినా ఆ మహాతల్లి పారబోయనివ్వలేదు. వడగట్టించి, నా చేతనే పొలానికి మోయించి, దున్నేవాళ్ళకు నా చేతనే పోయించింది. అందరికంటే ముందు పట్టిన ముసలాయన నోట్లో పోసుకుని నాగలి పక్కనే ఉమ్మేశాడు. అందరూ విని తీరాలన్నట్టు మా అత్త గొంతెత్తింది.

“నీ చేతిలో పుణ్యం లేదే అమ్మీ. ఇంక ఇత్తనం గంప తట్టు రావద్దు.”

మిగిలిన జావను మర్నాడు కుడితితొట్టిలో పోశాను. ఎద్దులు కూడా మూతి తిప్పుకున్నాయి.

రెండో యేడు మడ్డి చాలలేదేమో అనుకుని పిసినారితనం లేకుండా వేశాను. సాయంకాలం దాకా ఆగి మరీ వేశాను. మా అమ్మ కుండ మెడదాకా పోసేది కదా, నేనూ బాన మెడదాకా పోశాను. నిండుకుండ తొణకదంటారు. నా బాన తొణకడం కాదు, గుడ్డను ఎగరదన్ని వసారా అంతా పారింది. మిగిలింది నోట్లో పెడితే పళ్ళు పులిసిపోయాయి. పారిన కల్లును మా అత్త నన్ను తుడవనివ్వలేదు. ముయ్యికి వచ్చినవాళ్ళు దాన్ని తొక్కుకుంటూ లోపలికి వచ్చి కూర్చున్నారు. ఈగలు, నవ్వులు. ఆ ఈగల మధ్యే వాళ్ళకు సంగటి వడ్డించాను.

ఆ పూటే తీర్పు చెప్పింది. “వచ్చే యేడూ చెడితే నా కొడుకు నిన్ను చాకవేలులో దింపొస్తాడు. మా అన్న కూతురు వచ్చి కాపురం చేస్తుంది.”

మా ఆయన సంగటి తింటూ ఉన్నాడు. తల ఎత్తలేదు. ఇంకో ముద్ద పెట్టమని పళ్ళెం జరిపాడు. ఆయన మీద నాకు అప్పుడు పుట్టిన అసహ్యం చాన్నాళ్ళు పోలేదు. ఆ ముద్ద మాత్రం పెట్టాను, ఏం చేస్తాను?

మూడో యేడు ముయ్యి ఇంకా రాకముందే ఆ అన్న కూతుర్ని తెచ్చి ఇంట్లో పెట్టారు. చూడబోతే మంచి పిల్లే. అక్కా అక్కా అని వెనకే తిరిగేది. దాని పెట్టె తెచ్చి నా పెట్టె పక్కనే పెట్టించింది మా అత్త. నేను పొద్దున చీర తీసుకున్నప్పుడల్లా అది కనపడాలని.

జావ కాచి బానలో పోశాను. ఈసారి మెడకు మూరెడు కిందికే ఆపాను. మధ్యాహ్నం వేలు ముంచితే మళ్ళీ గోరువెచ్చగానే ఉంది. మా అత్త అదే రోటి పక్కన కూర్చుని ఆకు నములుతోంది. మడ్డి గుడ్డ విప్పబోతుంటే మొదటి యేడు మర్నాడు ముట్టుకున్న బాన గుర్తొచ్చింది. మర్నాటికీ అడుగు వెచ్చగా ఉందే, మరి ఇప్పుడు ఎట్లా ఉన్నట్టు? పైన వేలు పెడితే పైనే కదా తెలిసేది!

కుడిచెయ్యి మోచేయి దాకా దించాను.

అరవలేదు. అరిస్తే ఆమెకు తెలుస్తుంది. చెయ్యి లాగేసి, పెరట్లోకి నడిచి వెళ్ళి తొట్టినీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాను. తోలు జావతో పాటు ఊడొచ్చింది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్ముతున్నా లోపల ఏదో నవ్వుతోంది. చిన్న కుండ మధ్యాహ్నానికి అడుగుదాకా చల్లారుతుంది. పెద్ద బాన పైకి చల్లగా నటిస్తూ కడుపులో మంట దాచుకుంటుంది. ఆ మంటలో వేస్తే మడ్డి ఉడికి చస్తుంది. నేను మొదటి యేడు దాన్ని చంపాను, రెండో యేడు సగం చంపాను. పిండికి పనికొచ్చిన లెక్క వేడికి పనికిరాలేదు.

మా అత్తకు ఇది ముందే తెలుసు. రెండేళ్ళు తెలిసే కూర్చుంది, ఆకు నమిలింది, చూసింది.

ఆముదం రాసి గుడ్డ చుట్టుకుని, ఆ పూట బాన జోలికి పోలేదు. మర్నాడు కోడి కూశాక తెడ్డు అడుగుదాకా దించి తిప్పి, పైకొచ్చిన జావ ఎడమ అరచేతిలో పోసుకుని చూశాను. గోరువెచ్చగా ఉంది. మడ్డి కూడా కుండల లెక్కన వెయ్యలేదు. బతికి ఉంటే చాలు, అది పిల్లల్ని అదే పెట్టుకుంటుంది. కొంచెమే వేసి గుడ్డ కట్టాను.

ఆ యేడు ముసలాయన చెంబు దించకుండా తాగి, మళ్ళీ పట్టాడు.

“ఎవరు చేసిందమ్మా ఇది?”

నేను నోరు తెరిచేలోపే మా అత్త అందుకుంది. “నేను పక్కనుండి చేయించినానప్పా. చెబితే గదా వచ్చేది.”

కాలిన చెయ్యి కొంగు కింద దాచుకుని అదీ విన్నాను. నన్నయితే పంపలేదు. తెచ్చిన పిల్లను తిప్పి పంపితే పరువు పోతుందని మరిదికి కట్టబెట్టారు.

తర్వాత యుద్ధం వచ్చింది. రాగులకు కంట్రోలు పెట్టారు. ఊరి లెక్కలు రాసే శానుభోగుడు వచ్చి గాదెలు కొలిచి పోయేవాడు. బాన నింపేన్ని రాగులు ఎవరింట్లోనూ లేవు. ఊరంతా కుండలకు దిగింది. అప్పటికి నా చేతి కల్లంటే ఊళ్ళో పేరు. అది మా అత్త గొంతులో ముల్లు.

“ఈ యేడు నేను చేస్తా. కుండెడు కల్లుకు నీ చెయ్యి యాల?” అంది.

ఆమె పద్ధతి బానది. పొద్దున కాచి, మర్నాడు కోడి కూశాక మడ్డి వెయ్యాలి. జన్మంతా అదే చేసింది. తన బాన సంగతి ఆమెకు తెలుసు గానీ కల్లు సంగతి తెలియదు. కుండలో పొద్దున పోసిన జావ మర్నాటికి బావినీళ్ళలా ఉంది. పైగా ముసురు. ఆమె వేలు ముంచి చాలాసేపు అట్లాగే నిలబడింది. నేను రోటి పక్కన కూర్చుని ఉన్నాను.

“ఏమ్మే, మరీ చల్లగుండాది. వెయ్యొచ్చంటావా?”

నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె నన్ను ఒక సలహా అడగడం అదే మొదలు.

“నన్నేల అడిగేది అత్తా? నువ్వే చూసుకో.”

ఆ మాట అన్నప్పటి రుచి ఏ కల్లులోనూ లేదు. నిజం చెబుతున్నాను.

చలికి మడ్డి లేవలేదు, జావ కుళ్ళింది. ముసలాయన ఉమ్మేశాడు. అందరూ ఉండగానే నేను గొంతెత్తాను. “నీ చేతిలో పుణ్యం లేదత్తా. ఇంక ఇత్తనం గంప తట్టు రావద్దు.” మా ఆయన తలెత్తి నా వంక చూసి, గంప తెచ్చి నా ముందు పెట్టాడు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారు కదా. ఆ రోజు అత్త కొట్టిందీ కొత్త కుండే అని ఊరంతా ఒప్పుకుంది. ఆమె గట్టు మీద కూర్చుని, మేం విత్తనం చల్లడం పొద్దుగూకేదాకా చూసింది. తర్వాత మళ్ళీ పొయ్యి దగ్గరికి రాలేదు. ఎక్కువ కాలం బతకనూ లేదు.

చనిపోయాక నేనూ మా తోడికోడలూ ఆమెకు స్నానం చేయించాం. పసుపు నీళ్ళు పోసి కుడిచెయ్యి రుద్దుతుంటే నా అరచేతికి తగిలింది. ఒత్తుగా ఉన్న పచ్చబొట్టు కింద తోలంతా ముడతలు పడి, అక్కడక్కడ గాజులా నున్నగా, మణికట్టు నుంచి మోచేయి దాకా. నా కుడిచెయ్యి దాని పక్కన పెట్టి చూసుకున్నాను. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రెండూ ఒకటే కొలత. ఆమెకూ ఎవరూ చెప్పలేదన్నమాట. ఆమె కూడా పెరట్లో తొట్టినీళ్ళలో చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ మచ్చ ఎవరికీ కనపడకుండా పైన పూలూ తీగలూ పొడిపించుకుంది.

జాలి కలిగిందా అని అడుగుతారు. లేదు. ఒళ్ళు మండిపోయింది. ఏమీ తెలియని మనిషి ఏడిపిస్తే సరే అనుకోవచ్చు. ఆ నొప్పి ఎంతో తెలిసి, కాలిన చేత్తోనే ఆకు మడిచి నములుతూ కూర్చుందే! శవాన్ని పట్టుకుని కుదిపి అడగాలనిపించింది. చివరి చెంబు కొంచెం గట్టిగానే పోశాను.

మరుసటి యేడు మరిది అదే ఇంట్లో వేరే పొయ్యి పెట్టుకుని వేరు పడ్డాడు. చింతామణి సంతలో రాగిరేకు అండా ఒకటి కొన్నారు, కుండకంటే పెద్దది, బానకంటే చిన్నది. ముయ్యికి మా తోడికోడలు అందులో జావ పోసి, వేలు ముంచి నిలబడింది. నేను అదే రోటి పక్కన ఉన్నాను, నోట్లో ఆకు కూడా ఉంది.

“అక్కా, చల్లారినట్టే ఉండాది. వేసేదా?”

నా నాలుక చివర ఆ పాతమాట సిద్ధంగానే ఉంది. దాన్ని మింగింది మంచితనంతో కాదు. మా అత్త జన్మంతా దాచిపెట్టి, కాష్టంలోకి కూడా మోసుకుపోయిన ఒకే ఒక్క సొత్తు అది. దాన్ని తన అన్న కూతురికే, పదిమందికీ వినపడేట్టు, ఊరికే ఇచ్చేస్తే ఆమెకు అంతకంటే దెబ్బ ఏముంది?

“వేలు తియ్యే! పైన చూస్తే ఏం తెలుస్తుంది? తెడ్డు అడుగుదాకా దించి తిప్పి చూడు. కుండయితే మధ్యాహ్నానికి, బానయితే కోడి కూసినాక. నీది రాగిది, నడిమిది. దీపం పెట్టే యాళకు మళ్ళీ చూసుకో, అడుగు చెప్పిందే మాట” అని వీధిలోకి వినపడేట్టు అరిచాను. గోడవతలి ఇద్దరు ఆడవాళ్ళు చేటలు ఆపి విన్నారు. అదే నేను మా అత్తకు పెట్టిన తద్దినం.

మా తోడికోడలు బిత్తరపోయి వేలు తీసేసింది. దాని కుడిచెయ్యి పట్టుకుని, జావ అంటిన చోట నా కొంగుతో తుడిచాను. మోచేయి దాకా నున్నగా ఉంది ఆ చెయ్యి. చివరిదాకా అట్లాగే ఉండింది.