కళ్లు మూసుకుని తీసే తాళం

ఆ అల్యూమినియం ఫిట్టర్ ఒకచోట నిలబడే మనిషి కాదు. తొంభైల్లో, మద్రాసు టి. నగర్‌లో మా ఇంటి వెనక వరండాకున్న అద్దాల తలుపు తాళాన్ని దొంగలు విరగ్గొట్టారు. కొత్తది బిగించడానికి అతను వచ్చాడు. ఆ దొంగతనం నుంచీ అమ్మకు మనసు కుదురుగా లేదు. అద్దం పగలగొట్టి చెయ్యి దూర్చినా తీయలేకుండా, లోపలి నుంచి కూడా తాళంచెవితోనే తెరుచుకునేది కావాలని పట్టుబట్టింది. అతను ఒప్పుకోలేదు. లోపలివైపు చేత్తో తిప్పే తాళమే బిగించాడు.

పనయ్యాక బయటి వరండాలోకి వెళ్లి, అమ్మచేత లోపల తాళం వేయించాడు.

"ఇప్పుడు కండ్లు మూసుకోని తియ్యండమ్మా."

అమ్మ తడుముకుంది. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, "ఇంకోతూరి," అన్నాడతను. అలా నాలుగుసార్లు తీయించాడు.

అమ్మ విసుక్కుంది. "దొంగలు రాకుండా చూడమంటే ఏందయ్యా ఈ పరీక్ష?"

అతను ఆగాడు. "మా ఇంట్లో స్టవ్ పేలినప్పుడు నా పెండ్లాం లోపలుండింది. లోపల కూడా చెవితోనే తీసే గట్టి బీగం ఆ తలుపుకు నేనే బిగించినా. పొగలో దానికి బీగంచెవి దొరకలా."

అమ్మ మళ్లీ తాళం వేసింది. కళ్లు మూసుకుని, ఈసారి తడుముకోకుండా తలుపు తీసింది.

మెల్లగా అడిగింది: "పిల్లలుండారా?"

"ఒక ఆడబిడ్డ. ఎనిమిదేండ్లు," అన్నాడు, సంచీ సర్దుకుంటూ. "అది ఒక్కతూరికే తీస్తాదమ్మా."