కూరగాయల బజారు నుంచి వచ్చిన యాత్రికుడు

నోటికి గుడ్డ కట్టుకుని తిరిగిన ఆ కరోనా రోజుల్లో, గుడ్డ కట్టినా నోరు ఆగక నేను కొని తెచ్చుకున్న ముప్పు ఒకటి చెబుతాను. వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, పరవాలేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది, నేనే అలవాటు పడిపోయాను.

రాయగడలో మోటార్లకు వైండింగు చేసే కొట్టు నాది. పని కాస్త తగ్గిందంటే సంచీ భుజాన వేసుకుని ఎటో ఒకటు పోయే జబ్బు నాకుంది. లారీ క్యాబిన్లు, సంత జీపులు, ప్యాసింజరు బళ్లు, ఇవే నా వాహనాలు. ఏసీ పెట్టెలో వెళ్లేవాణ్ణి చూస్తే, పెళ్లికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేసినవాణ్ణి చూసినంత జాలి. కోరాపుట్ నుంచి రాయగడ వచ్చే రైల్లో తలుపు దగ్గర కూర్చున్నవాడికే తెలుస్తుంది, మేఘం పైనుంచి ఎలా ఉంటుందో. లోయ నిండా పాలు పొంగినట్టుంటుంది, అదీ మన కాళ్ల కింద. ఇంతలో సొరంగం, కటిక చీకటి, మళ్లీ వెలుగు, మళ్లీ ఇంకో లోయ. ఎన్నిసార్లు వెళ్లినా నోరు తెరుచుకునే చూశాను.

అలాంటివాణ్ణి తెచ్చి లాక్‌డౌన్ ఇంట్లో కూర్చోబెట్టింది. గుంజకు కట్టిన గిత్తలాగ పెరట్లో తిరిగాను. ప్రయాణాలు లేకపోయేసరికి ప్రయాణాల కబుర్లు మొదలెట్టాను. వినీ వినీ విసిగిపోయిన మా ఆవిడ పార్వతి ఒక ఉదయం చేతికి సంచీ ఇచ్చింది.

"ఎల్లి బెండకాయలు తే. ఆ కబుర్లేటో బజార్లోనే సెప్పుకుని రా" అంది.

పెళ్లయ్యాక ఆవిడ మాట నేను అక్షరాలా పాటించింది ఆ ఒక్కసారే.

బజారును మైదానంలోకి మార్చారు. మనిషికో సున్నపు గుండ్రం గీసి, అందులో నిలబడమన్నారు. నా గుండ్రం ఎండుమిరపకాయల రాశి పక్కన పడింది. ముందు గుండ్రంలో మా వీధివాడు, నా స్నేహితుడు సన్యాసి ఉన్నాడు.

"ఏటి బావా, మొకం అలగైపోనాదేటి?" అన్నాడు.

పాపం, పలకరింపుగా అన్నాడంతే. నాకు అదే పచ్చజెండా. నా కథ చెప్పే తీరు మీకు తెలియాలి. ఎప్పుడో జరిగినదాన్ని పొద్దున్నే జరిగినట్టు చెబుతాను. గొంతు కూడా గట్టిదే, మోటారు హోరు మీద మాట్లాడి అలవాటైన గొంతు.

"ఏటి సెప్పమంటావు సన్యాసీ. జగదల్‌పూర్‌లో లారీ ఎక్కేను. కొట్పాడ్ దాకా బట్టల మూటల మీదే పడక. పక్కనో ముసలాయన, ఒకటే దగ్గు. ఆయన సీసాలో నీళ్లే నేనూ తాగేను. కోరాపుట్‌లో ప్యాసింజరు ఎక్కితే ఒకడి ఒళ్లో ఒకడు. సొరంగంలో సల్లగాలి. రాయగడలో దిగీసరికి ఒళ్లు ఎచ్చబడిపోనాది."

సరిగ్గా అక్కడ మిరపఘాటు ముక్కుకెక్కింది. వరసపెట్టి తుమ్మాను.

కళ్లు తుడుచుకుని చూద్దును కదా, చుట్టూ గుండ్రాలన్నీ ఖాళీ. రోజూ నాతో టీ తాగే సన్యాసి కొన్న కూరలు కూడా వదిలేసి పరిగెడుతున్నాడు. మిగిలింది నేను, మిరపకాయలు, ఆరోగ్య కార్యకర్త జమున.

"భాయినా, జగదల్‌పూర్ నుంచి ఎప్పుడొచ్చేరు?" అంది దూరం నుంచే, నన్ను అన్నగారిని చేసేసి.

"చాన్నాళ్లైందమ్మా. ఇది పాత కథ."

"అందరూ అలగే అంటన్నారు. నిన్న ఒకాయన ఊరు పొలిమేర కూడా దాటనేదన్నాడు. సంచీలో సూరత్ టిక్కెట్టు దొరికింది."

"కావాలంటే మా ఇంటిదాన్ని అడుగు" అని ధీమాగా ఫోను కలిపించాను.

"అమ్మా, మీ ఆయన ఊళ్లు తిరిగొచ్చేడా?" అని అడిగింది జమున.

అవతల పార్వతి గట్టిగా నిట్టూర్చింది. "ఊళ్లు తిరగడం తప్ప ఆయనకింకేటి వచ్చు? కాలు ఇంట్లో నిలిస్తే కదా."

తిరక్క మగవాడు చెడ్డాడని సామెత. తిరక్కుండానే తిరిగినట్టు చెప్పి చెడ్డ మగవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. జీపు వచ్చింది, ఊరి చివర బడిలో దింపింది. జగదల్‌పూర్ లాంటి బయటి రాష్ట్రాల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను రెండు వారాలు అక్కడే ఉంచేవారు. సాయంత్రానికి అక్కడి మేష్టారు నా మాట నమ్మారు కూడా.

"కానీ ఇప్పుడు మీరు వీళ్లందరితో కలిసిపోయేరు కదా. ఇంక వదలకూడదు" అన్నారు. రెండు వారాలు ఖాయమైపోయింది.

వరండాలో దూరందూరంగా కూర్చున్నాం. ఒకరు కేరళ నుంచి, ఇంకొకరు చెన్నై నుంచి. మా జిల్లాలోనే గుడారి అనే ఊరి వైపు మనిషి సోంబారి, మొగుడితో, చిన్న కూతురితో తెలంగాణ ఇటుక బట్టీ నుంచి వచ్చింది. అక్కడే తెలుగు నేర్చుకుందట.

"నువ్వెక్కణ్ణించి బావూ?" అని నన్నడిగింది.

"కూరగాయల బజారు నుంచి."

విషయం చెప్పాక వరండా అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. వచ్చినప్పటి నుంచీ మాట్లాడని సోంబారి మొగుడు కూడా గోడ వైపు తిరిగి నవ్వాడు. నవ్వులు తగ్గాక నేను సోంబారిని అడిగాను.

"కోరాపుట్ దాకా లారీ దొరికిందన్నావు, సరే. బళ్లు లేవు కదా, అక్కణ్ణించి ఎలాగొచ్చేరు?"

"రోడ్డు మీద ఆపేస్తన్నారని రైలు పట్టా ఎంట నడిసేం."

"మరి సొరంగాలో?"

"బయటే ఆగి, గూడ్సు బండి ఎల్లేక దూరీవోళ్లం. లోన ఏటీ కనబడదు. గోడ మీద సెయ్యేసి నడవడమే. సేతికి నీరు తగిలీది. మా అమ్మి బయపడితే పాట పాడేను. నాను పాడితే కొండా తిరిగి పాడింది. దానికి నవ్వొచ్చీసింది. ఆ తరవాత సొరంగం వస్తే అదే ముందు పరిగెట్టీది."

నేను చల్లగాలి అని రెండు ముక్కల్లో దాటేసిన చీకటి అది.

"లోయలో మబ్బులు సూసేరా?" అన్నాను.

"ఆటిలోంచే కదా బావూ నడిసేం. తలలు తడిసిపోనాయి."

నేను పైనుంచి చూసి మురిసిపోయిన మేఘాల్లోంచి ఆ ముగ్గురూ నడిచి వచ్చారు. తలెత్తి కొండల వంక చూశాను. కాసేపటికి ఆ పిల్లే నన్ను పలకరించింది.

"రైల్లో కూకుంటే ఎలగుంటాది?"

ఆ దారంతా నడిచిన పిల్ల ఎప్పుడూ రైలెక్కలేదట.

అప్పుడు చెప్పాను. కిటికీ పక్కన దాన్ని కూర్చోబెట్టినట్టు, బండి అప్పుడే కదిలినట్టు చెప్పాను. రోజూ అడిగేది, రోజూ చెప్పేవాణ్ణి. అది కళ్లు పెద్దవి చేసుకుని నన్ను చూసేది. నేను దాని కాళ్లను చూసేవాణ్ణి. చిన్న కాళ్లు. ఎంత కొండ దాటాయో.

గడువు తీరాక వాళ్లు గుడారి జీపెక్కారు. నన్ను తీసుకెళ్లడానికి పార్వతి గేటు దగ్గరికి వచ్చింది. అయ్యో పాపం అంటుందని మొహం దిగాలుగా పెట్టాను.

ఎగాదిగా చూసి అంది: "పడక ఊరికే, తిండి ఊరికే, జీపు కూడా ఊరికే. జన్మలో ఇంత సవగ్గా ఎప్పుడేనా ఎల్లేవా?"

నిజమే, ఎప్పుడూ వెళ్లలేదు. అందుచేత రాయగడ కొండల సాక్షిగా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ యాత్ర సంగతి ఎత్తినా, ముందు అది ఏ సంవత్సరమో చెబుతాను. వినేవాళ్ల చేత తిరిగి చెప్పించుకుంటాను. వాళ్లు తలూపాకే బండెక్కుతాను.

పిల్లలు అడిగితే మాత్రం ఈ ప్రమాణం వర్తించదు.