ముడి మీద ఎర్ర రంగు

ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్లు ఉందనగా, ఒక మే నెల మొదటి వారంలో నన్ను గిలకలదిండి ఫిషింగ్ హార్బరుకు బోట్ల తనిఖీ ఇంజనీరుగా వేశారు. కాపురం గుడివాడలో. పొద్దున్నే బస్సెక్కి బందరులో దిగి, అక్కడినుంచి షేర్ ఆటోలో హార్బరుకు చేరేదాన్ని. మా ఇంట్లో తాతగారి నుంచి అందరూ బడిపంతుళ్లే. ఒడ్డుకు లాగిన బోటు కిందికి దూరి, సుత్తితో కొట్టి చప్పుడు వినే ఉద్యోగం మాత్రం నా ఒక్కదానికే పట్టింది. బోటు సముద్రంలోకి వెళ్లడానికి పనికొస్తుందో లేదో చూసి సర్టిఫికెట్ రాయడం నా పని. దాని మీద రెండో సంతకం నా పైఅధికారిది. ఆయన హార్బరుకు ఏడాదికి ఒకసారి వచ్చేవారు.

మేలో వేట నిషేధం నడుస్తుంది. మరబోట్లన్నీ జెట్టీని ఆనుకుని ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీలో నాకొక అదనపు పని అప్పగించారు. బోటుకూ జెట్టీకీ మధ్య, రాపిడి తగలకుండా వేలాడదీసే అడ్డును ఫెండరు అంటారు. మా హార్బరులో తరతరాలుగా ఆ పని చేస్తున్నవి పాత లారీ టైర్లు. చెక్క బోట్లకు అవి సరిపోయాయి. ఫైబర్ బోట్లు వచ్చాక టైరు నలుపు అంటుకోవడం, ఒకేచోట ఒత్తుకుని పైపూత నెర్రెలివ్వడం మొదలైంది. గాలి నింపే ఫెండర్లు తెప్పించి, నాలుగు బోట్లకు కట్టి, ఎలా పనిచేస్తున్నాయో నివేదిక పంపమన్నారు.

కొత్త వస్తువంటే నాకు మొదటినుంచీ ఆత్రం. లెక్క తేలికే. బోటు పొడవు ప్రతి ఐదు అడుగులకూ ఫెండరు మందం ఒక అంగుళం చొప్పున ఉండాలి. మావి యాభై అడుగుల బోట్లు కాబట్టి పది అంగుళాలు చాలు. కానీ పక్కనుంచి మరో బోటు వెళ్లినప్పుడల్లా లేచే అలను లెక్కలో వేసుకుని ఒక సైజు పైది తీసుకున్నాను. మూడడుగుల పొడవున్నవి, బోటుకు నాలుగేసి. గాలి ఎంత నింపాలన్న దగ్గర మాత్రం సరంగులతో పేచీ వచ్చింది. బోటు నడిపించే పెద్దను సరంగు అంటారు. వాళ్లు లారీ టైరులాగా గట్టిగా కొట్టించాలని పట్టుబట్టారు. గట్టిగా ఉన్న ఫెండరు దెబ్బను మింగదు, తిరిగి బోటుకే ఇస్తుంది. బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోపలికి వెళ్లాలని చెప్పాను. ఒకాయన నా మాట వినకుండా పంక్చరు షాపుకు తీసుకెళ్లి కొట్టించుకొచ్చాడు. మధ్యాహ్నం ఎండకు అది ఢామ్మని పగిలి, వలలు బాగుచేసుకునే ఆడవాళ్లు లేచి పరుగెత్తారు. అప్పటినుంచి అందరూ పొద్దున చల్లటి వేళ చేతిపంపుతోనే గాలి కొట్టారు.

జెట్టీ కాంక్రీటుకు నత్తగుల్లలు పట్టి ఉంటాయి, ఫెండరు తోలును కోసేస్తాయి. నాగమణి అనే బోటు యజమానురాలు పాత టార్పాలిన్‌తో ఫెండర్లకు తొడుగులు కుట్టించింది. ఆ ఉపాయం నాకు తట్టనిది. వారానికోసారి మంచినీళ్లూ సబ్బుతో కడగమన్నాను, డీజిలు గుడ్డ తగలనివ్వొద్దన్నాను. అన్నీ విన్నారు. గాలి ఫెండర్లకు వాళ్లే గుమ్మడికాయలని పేరు కూడా పెట్టేశారు. నేనూ నివేదిక చిత్తుప్రతిలో ఒకచోట గుమ్మడికాయ అని రాసి కొట్టేశాను.

ఇక నా తెలివి చూడండి. నాలుగు బోట్ల ఫలితాన్నీ పోల్చాలంటే నాలుగింటి మీదా ఫెండర్లు ఒకే ఎత్తులో ఉండాలి కదా. టేపుతో కొలిచి తాళ్లు కట్టించి, ఎవరూ జరపకుండా ప్రతి ముడి మీదా ఎర్ర రంగు పూయించాను. మా శాఖలో ఎర్ర రంగుకు ఒక అర్థం ఉంది. తనిఖీలో చెడిపోయిన బోల్టో పలకో కనబడితే దాని మీద ఎర్ర గుర్తు పెడతాం. మళ్లీ ఇంజనీరు వచ్చి చూసేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే సర్టిఫికెట్ ఆగిపోతుంది. ఈ సంగతి హార్బరులో అందరికీ తెలుసు. చేతికి అందిన డబ్బా అదే కాబట్టి అదే వాడాను, ఇంకేమీ ఆలోచించలేదు.

నాలుగు వారాలు ఏ లోటూ లేకుండా గడిచాయి. నిషేధం రేపు ముగుస్తుందనగా అన్ని బోట్లూ ఐసు, డీజిలు, మంచినీళ్లు ఎక్కించుకున్నాయి. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంటుంది. పోటు వస్తే తప్ప బోట్లు సముద్రంలోకి దాటలేవు. అందుకని నిండు బరువుతో జెట్టీ దగ్గరే పోటు కోసం కాచుకుని ఉన్నాయి. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి నాగమణి బోటు దగ్గర జనం ఉన్నారు. బోటు పక్క భాగంలో రెండడుగుల పొడవున ఫైబర్ చీలి ఉంది. వింతేమిటంటే నాలుగు ఫెండర్లూ చెక్కుచెదరలేదు. వేలితో నొక్కి చూశాను. గాలి సరిగ్గా ఉంది. తొడుగు కూడా చిరగలేదు.

అయిదు రోజుల మరమ్మతు ఉంది. మొదటి వేట ఎలాగూ పోయింది. అంతకన్నా పెద్ద చిక్కు సరంగుది. అతను నాగమణి తమ్ముడు ఏడుకొండలు. నిబంధన ప్రకారం బోటుకు దెబ్బ తగిలితే కారణం రాయాలి. సిబ్బంది నిర్లక్ష్యం అని రాస్తే సరంగు లైసెన్సును ఏడాదిపాటు ఆపుతారు. పైఅధికారి ఫోనులో అదే రాసి పంపమన్నారు. మిగతా మూడు బోట్లకూ అవే ఫెండర్లు ఉన్నాయి, వాటికేమీ కాలేదు, కాబట్టి తప్పు మనిషిదే అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. నేనూ ఇంచుమించు నమ్మాను.

కానీ చీలిక ఎక్కడుందన్నది నన్ను వదల్లేదు. అది ఫెండరుకు పైన ఉంది. మోకాళ్ల మీద కూర్చుని జెట్టీ అంచు నుంచి కిందికి వంగి చూశాను. మా జెట్టీకి పైన వెడల్పాటి కాంక్రీటు దూలం ఉంటుంది. దాని కింద స్తంభాల మధ్య అంతా బోలు. బోటు ఖాళీగా ఉన్నప్పుడు, నీరు తీసే పాటు సమయంలో కిందికి దిగినా ఫెండరు సగమైనా దూలానికి ఆనేది. నేను కొలిచింది ఖాళీ బోటును. ఐసూ డీజిలూ ఎక్కాక బోటు ఇంకో అడుగున్నర కిందికి కూర్చుంది. పాటు వచ్చేసరికి ఫెండరు దూలం కిందికి, ఆ బోలులోకి జారిపోయింది. దూలం అంచు సరాసరి బోటు ఒంటికి తగిలింది. టైర్లు కట్టిన రోజుల్లో బరువు ఎక్కినప్పుడల్లా సరంగులు తాడు సర్దుకునేవారు. అది వాళ్లకు చొక్కా చేతులు మడుచుకున్నంత మామూలు పని.

అలాంటప్పుడు మిగతా మూడు బోట్లు ఎలా బయటపడ్డాయి? వెళ్లి ఒక్కొక్క ముడీ చూశాను. మూడింటి మీదా ఎర్ర రంగు ఉంది. గోటితో గీకాను. మొదటి బోటు మీద రంగు ఇంకా మెత్తగా ఉంది. రెండోదాని మీద నా ఎరుపు కాదు, కొంచెం నారింజ కలిసిన ఎరుపు. మూడోదాని దగ్గర పాత ముడి తాలూకు ఎర్రటి మరక తాడు మీద రెండడుగుల అవతల అలాగే ఉంది. ముగ్గురూ ముడి విప్పి, ఫెండరును పైకి లాగి కట్టి, మళ్లీ రంగు పూసేశారు. మూడో సరంగును అడిగితే, రంగు డబ్బా ముగ్గురూ కలిసి కొన్నామని ఒప్పుకున్నాడు. నాకు నవ్వు ఆగలేదు. మరుక్షణం నవ్వు పోయింది. నా ఆదేశాన్ని మీరినవాళ్ల బోట్లు క్షేమంగా ఉన్నాయి. పాటించినవాడి బోటు చీలింది, ఇప్పుడు లైసెన్సు కూడా పోబోతోంది.

ఏడుకొండలు ఐసు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఫెండరు కిందికి జారడం చూశావా అని అడిగాను.

"సూశానండీ," అన్నాడు. "తాడు మీద సెయ్యేశాను కూడా. ఎర్రరంగు కనబడింది. అది ఏసింది తమరే గదండీ. తమరికి ఫోన్ సేద్దామనుకున్నా, తెల్లారలేదని ఆగాను. ఈలోపు కొట్టేసింది."

నాగమణి పక్కనే నిలబడి ఉంది. వేట పోయినందుకు నన్ను ఒక్క మాటా అనలేదు. "అమ్మగారండీ, బోటు బాగుచేయించుకుంటాం. ఆడి కాయితం మీద మాత్రం తప్పని రాయకండి. ఆడు మీ మాటే యిన్నాడు," అంది. నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్ల సర్వీసులో అంతగా ఎప్పుడూ తలదించుకోలేదు.

నివేదిక ఆ సాయంత్రమే రాశాను. దెబ్బకు కారణం అన్న గడిలో, ఫెండరు ఎత్తును ఖాళీ బోటుకు నిర్ణయించి, మార్చకుండా గుర్తు పెట్టించిన తనిఖీ ఇంజనీరు పొరపాటు అని రాసి, కింద నా పేరు పెట్టాను. ఆ ముగ్గురు సరంగులు ముడి జరపడం సరైన పని అని కూడా చేర్చాను. వాళ్ల సంగతి దాచిపెడితే, అదే ఎత్తులో కట్టిన మిగతా మూడు బోట్లకూ ఏమీ కాలేదే అని తప్పు మళ్లీ ఏడుకొండలు మీదికే వచ్చేది. పైఅధికారి ఫోన్ చేసి, మన మీద మనమే రాసుకోవడం ఎక్కడైనా ఉందా అన్నారు. ఇక్కడ ఉందండీ అన్నాను. నాకు మెమో వచ్చింది. సంజాయిషీలో కొత్తగా చెప్పడానికేమీ లేక నివేదిక నకలే జతచేశాను. ఏడుకొండలు లైసెన్సు జోలికి ఎవరూ పోలేదు. అతని బోటు ఆరో రోజు పోటుకు మొగ దాటింది, బరువు ఎక్కాక ఫెండర్లను అతనే పైకి సర్దుకున్నాడు.

ఆ తర్వాత మిగిలిన మూడేళ్లలోనూ ఆదేశాలు చాలానే ఇచ్చాను. అయితే సంతకం చేసే ముందు నలుగురు సరంగులను పిలిచి కూర్చోబెట్టి, దీన్ని మీరు ఏ రోజు పాటించరో చెప్పండి అని అడిగేదాన్ని. మొదట్లో భయపడి అన్నీ పాటిస్తామండీ అనేవారు. నిజం చెప్పేదాకా సంతకం పెట్టేదాన్ని కాదు.